కాలాడితేనే నెత్తురాడును

రెక్కాడితే గాని డొక్కాడదు అను సామెత మా ప్రాంతములోనే పుట్టినదేమో అనిపిస్తుంది. ఒకవైపు 1969లో వెలసిన సిమెంటు కర్మాగారము, మరొకవైపు గోదావరిఖని బొగ్గుబాయిలు. వాటి పొరుగున మా బసంత్‌నగర్. ఇక్కడ ఊరక కూర్చున్న మనిషి లోకము దృష్టిలో రోగియే.

మా అబ్బాజాన్ బొగ్గుబాయిలో ముప్పై ఏండ్లు పంపు ఆపరేటరుగా పనిచేసి రిటైరైనవారు. ఒక వేసవిలో వారి ఎడమ పిక్క వాచినది. లోపలి సిరలో రక్తము గడ్డకట్టినదని పరీక్షలో తేలినది. మందులు వ్రాసి ఇంటికి పంపినారు. కదిలితే గడ్డ ఊడి ఊపిరితిత్తులకు పోతుందని ఇరుగుపొరుగువారు భయపెట్టగా మేమిద్దరన్నదమ్ములము నమ్మినాము. నీళ్ళ గ్లాసు సైతము మంచము వద్దకే అందించి, అదే సేవ అనుకొన్నాము. నిత్యము మసీదుకు నడచి వెళ్ళిన మనిషి కిటికీ ప్రక్కన అజాన్ వింటూ మౌనముగా ఉండేవారు.

నెల తరువాత మా మాట విని డాక్టరుగారు ఆశ్చర్యపోయినారు. "మందు వేసుకొంటున్నారు గదా, పెద్దాయనను నడవనీయండి" అన్నారు. రక్తము నిలిచిపోవుట, నాళము దెబ్బతినుట, రక్తములో గడ్డకట్టు గుణము హెచ్చుట అను మూడు కారణములను జర్మను వైద్యుడు విర్కో పేరిట నేటికీ చెబుతారు. నడిచేటప్పుడు పిక్క కండరము సిరను నొక్కి రక్తమును గుండెవైపు నెట్టుతుంది. కవాటములు దానిని వెనుకకు జారనీయవు. బాయిలో ఊటనీటిని పైకి తోడే పంపు వంటిదే ఇది.

అబ్బాజాన్ నవ్వినారు. "ముప్పై ఏండ్లు బాయి పంపు ఆగకుండ చూసిన నేను, నా కాలి పంపు ఆపుకొని కూర్చున్నానా!"

మితిమీరిన శ్రమ సంగతి వేరు. అది ఫాక్టర్ ఎనిమిది అను గడ్డకట్టించే పదార్థమును, ప్లేట్‌లెట్ల చురుకుదనమును కొంతసేపు పెంచుతుంది. గడ్డను కరిగించే శక్తియు అప్పుడే పెరిగినా, శ్రమ ముగిసిన పిమ్మట అదే ముందుగా తగ్గిపోతుంది. మితమైన నడకలో కరిగించే శక్తి పెరుగుతుంది. గడ్డకట్టు గుణము అంతగా పెరగదు. మందు మొదలైన రోగులను త్వరగా నడిపించినందువలన ఊపిరితిత్తుల ప్రమాదము హెచ్చలేదని పరిశోధనలు చూపినవి. అయితే నడక మందుకు బదులు రాదు. ఆయాసము, రొమ్ము నొప్పి, కాలికి మరల వాపు కనిపిస్తే తక్షణము ఆసుపత్రికి పోవలసినదే.

అబ్బాజాన్ మొదట గడప వరకు, పిదప వీధి మలుపు వరకు నడచినారు. విద్యార్థి మిత్రులారా, మీ ఇంట పెద్దలకు ఇట్టి జబ్బు వస్తే ఇరుగుపొరుగు మాటకు ముందు వైద్యుని అడగండి. ప్రేమతోనే అయినా, తెలియక మేము మా తండ్రిని ఒక నెల బంధించినాము. నేడు ఫజర్ వేళ వారు మసీదుకు నడిచి వెళుతున్నారు. వెనుక టార్చిలైటు పట్టుకొని మేము వెళుతున్నాము.