డోర్నకల్: పిడికెడు బియ్యం మీద నిలిచిన అధ్యక్ష ఖండం

కాజీపేట, విజయవాడల మధ్య రైల్లో తిరిగేవాళ్లకు డోర్నకల్ జంక్షన్ బాగా తెలుసు. భద్రాచలం రోడ్డు లైను విడిపోయేది ఇక్కడే. బండి ఆగితే ప్లాట్‌ఫాం మీదికి దిగి టీ తాగి మళ్లీ ఎక్కుతారు తప్ప, స్టేషన్ దాటి ఊళ్లోకి వెళ్లేవాళ్లు తక్కువ. మెదక్ చర్చి చూడటానికి జనం బస్సులు కట్టుకుని వెళ్తారు. డోర్నకల్‌కు ఆ పేరు రాలేదు. కానీ మన దేశపు ఆంగ్లికన్ సంఘ చరిత్రలో ఈ చిన్న ఊరిది మొదటి వరసలో చోటు. ఆ సంఘం ఒక భారతీయుణ్ని తొలిసారి బిషప్‌ను చేసి పంపింది ఈ ఊరికే.

ఆయన పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునల్వేలి సీమలోని వెళ్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి ఊరి గురువు. అజరయ్య వైఎంసీఏలో పనిచేస్తూ, మన డబ్బుతో మన మనుషులే సువార్త పని చేయాలన్న పట్టుదలతో 1903లో కొందరు మిత్రులతో కలిసి తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. ఆ సొసైటీ ఎంచుకున్న సేవా క్షేత్రం నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం. తమిళ పల్లెల్లో పోగైన కానుకలతో తెలుగు పల్లెల్లో పని మొదలైంది. 1909లో అజరయ్య గురువుగా అభిషేకం పొంది ఇక్కడికే వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, తెల్ల మిషనరీలు ఎంత త్యాగం చేసినా భారతీయ సహోదరులను సమానులుగా చూడటం లేదని నిలబడి చెప్పారు. తమకు కావలసింది స్నేహమని అడిగారు. ఆ మాట సభలో చాలామందికి రుచించలేదు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ మాత్రం ఆయన పక్షాన నిలిచారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో అజరయ్య డోర్నకల్ బిషప్‌గా అభిషిక్తులయ్యారు.

నేను వెళ్లింది జనవరిలో. మిరప తోటల్లో కాయ ఎర్రబారుతున్న రోజులు. కథీడ్రల్ ఆవరణలో అడుగుపెట్టగానే, ఇది ఇంగ్లండు నుంచి అచ్చు తెచ్చి కట్టిన చర్చి కాదని తెలిసిపోతుంది. పైన గుమ్మటాలు, మూలల్లో మినార్లు. లోపలికి వెళ్తే గుడి మండపాన్ని తలపించే రాతి స్తంభాలు. ఒక స్తంభం దగ్గర ఆగి, చెక్కిన రాతి మీద చెయ్యి వేసి చూశాను. తామర రేకులు ఒకదాని వెనక ఒకటి విచ్చుకుని ఉన్నాయి. ఉలి దెబ్బలు ఇంకా వేలికి తగులుతున్నాయి. హిందూ, ముస్లిం, క్రైస్తవ శిల్పరీతులు మూడూ ఒకే కప్పు కిందికి రావాలని అజరయ్య కోరుకున్నారు. చుట్టూ ఉన్న ఊళ్లవాళ్లు లోపలికి వస్తే పరాయి చోటుకు వచ్చినట్టు ఉండకూడదన్నది ఆయన తాపత్రయం. కరువులు, డబ్బు ఇబ్బందులు దాటుకుంటూ ఏళ్ల తరబడి కట్టిన ఈ ఆలయాన్ని 1939 జనవరి 6న, ప్రత్యక్షత పండుగ నాడు ప్రతిష్ఠించారు. అందుకే దీని పేరు ఎపిఫనీ కథీడ్రల్. ఆరేళ్ల తర్వాత, 1945 జనవరి 1న అజరయ్య ఈ ఊళ్లోనే కన్నుమూశారు. పల్లె జనం ఆయన్ను 'తండ్రిగారు' అని పిలిచేవారు. ఇప్పటికీ ముసలివాళ్ల నోట ఆ పిలుపే వినిపిస్తుంది.

ఆ సాయంత్రం ఒక అయ్యగారు అధ్యక్ష ఖండం (డయోసిస్) నడిచే తీరు ఓపిగ్గా వివరించారు. అన్నిటికంటే కింద ఊరి సంఘం ఉంటుంది. అలాంటి కొన్ని ఊళ్లు కలిస్తే ఒక పాస్టరేటు. దానికి ఒక ప్రెస్బిటర్, అంటే గురువు, ఆయనతో పాటు సంఘస్థులు ఎన్నుకున్న కమిటీ. పాస్టరేట్ల నుంచి గురువులు, ఎన్నికైన సంఘస్థులు కలిసి డయోసిస్ కౌన్సిల్‌లో కూర్చుంటారు. బడులు, హాస్టళ్లు, భూములు, జీతాలు అన్నీ అక్కడ చర్చకు రావాలి. కౌన్సిల్‌కు బిషప్ అధ్యక్షులు. కానీ బిషప్‌ను పైనుంచి ఎవరో ఒకరు తెచ్చి కూర్చోబెట్టరు. కౌన్సిల్ ఓట్లు వేసి కొన్ని పేర్లు పంపితే, వాటిలోంచి చెన్నైలోని దక్షిణ ఇండియా సంఘ పాలక సభ (సినడ్) ఒకరిని ఎంపిక చేస్తుంది.

"కాగితం మీద బిషప్ గారు పైన, ఊరి సంఘం కింద. పనిలోకి దిగితే అంతా తలకిందులు. ఊళ్లో ఆదివారం ఆరాధన ఆగిపోతే మా కౌన్సిళ్లు, కమిటీలు ఎందుకు పనికొస్తాయండీ?" అన్నారాయన.

అజరయ్య ఈ సంగతి మొదట్లోనే పట్టుకున్నారు. తొలినాళ్లలో ఆయన అధ్యక్ష ఖండం చాలా చిన్నది. తర్వాత కృష్ణా జిల్లాలో చర్చ్ మిషనరీ సొసైటీ పనిచేసిన ప్రాంతాలు, నంద్యాల వైపు ఎస్పీజీ అనే మరో ఆంగ్లికన్ మిషన్ ప్రాంతాలు వచ్చి కలిశాయి. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నంలో దిగినప్పటి నుంచి సాగిన పనంతా అలా డోర్నకల్ బిషప్ చేతికి వచ్చింది. ఇంత విశాలమైన ప్రాంతాన్ని విదేశీ మిషనరీలతో నెట్టుకురావడం సాధ్యం కాదు. 1924 నాటికి ఇక్కడ ఇంగ్లిష్ గురువులు 8 మంది ఉంటే, భారతీయ గురువులు 53 మంది ఉన్నారు. వాళ్ల కింద పల్లెపల్లెకూ ఉపదేశులు. మరో పదేళ్లు గడిచేసరికి ఆ ఉపదేశుల సంఖ్య 2,000 దాటింది.

ఈ ఉపదేశి ఎవరు? ఎక్కువగా మాలవాడ, మాదిగవాడ నుంచి వచ్చి నాలుగు అక్షరాలు నేర్చుకున్న యువకుడు. పగలు పిల్లలకు పలక మీద అ ఆలు దిద్దించాలి, రాత్రి కూలి నుంచి వచ్చిన పెద్దలకు లాంతరు వెలుగులో కీర్తనలు, వాక్యం నేర్పాలి. పటేలు దగ్గరికి అర్జీ రాసివ్వాలన్నా, జ్వరం వచ్చినవాణ్ని ఆసుపత్రికి చేర్చాలన్నా అతనే దిక్కు. డోర్నకల్‌లో శిక్షణకు వచ్చేటప్పుడు భార్యనూ వెంట తెచ్చుకోవాలి, ఆమె కూడా చదువుకోవాలి. అజరయ్య సతీమణి అన్బు మరియమ్మాళ్ ఆడవాళ్ల మధ్య పనిని తన భుజాన వేసుకున్నారు. మురికి, రోగం, అప్పు, తాగుడు: ఈ నాలుగూ పల్లెను పట్టిన దయ్యాలని, ప్రార్థనతో పాటు వాటి మీదా పోరాడాలని అజరయ్య ఊరూరా చెప్పారు. మందుల కేంద్రాలు, సహకార సంఘాలు, అచ్చు యంత్రాలు పుట్టింది ఆ పోరాటంలోంచే. వడ్డీ వ్యాపారి గుప్పిట్లో ఉన్న వెట్టి కూలీకి సహకార సంఘంలో పేరు ఉండటం ఎంత పెద్ద సంగతో, ఆ రోజుల నిజాం రాజ్యం గురించి తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మర్నాడు ఆదివారం. డోర్నకల్‌కు కాస్త దూరంలోని ఒక పల్లెలో కోత పండుగ అంటే వెళ్లాను. చిన్న చర్చి, రేకుల పందిరి, నేల మీద పట్టాలు. చెప్పులు బయట వదిలి మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు కూర్చున్నారు. డోలక్, తాళాలు, ఒక పాత హార్మోనియం. ఆరాధన క్రమం పుస్తకం చాలామంది తెరవనే లేదు, అంతా నోటికి వచ్చు. ప్రభువు బల్ల అయ్యాక కానుకలు తెచ్చి ముందు పెట్టారు. వడ్ల బస్తా, కందులు, ఎండుమిర్చి, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన నాటుకోడి పుంజు, ఒక మేకపిల్ల.

ఒక అవ్వ కొంగు చాటున చిన్న ముంత పట్టుకుని వచ్చింది. నిండా బియ్యం. సన్నవి, దొడ్డువి కలిసిపోయి ఉన్నాయి. ఏ రోజు ఇంట్లో ఏ బియ్యం ఉంటే అవే అందులో పడ్డాయన్నమాట.

"ఎసరు పెట్టినంక, బియ్యం కడగకముందే ఒక పిడికెడు తీసి దీంట్ల ఏస్త బిడ్డా. మా అత్త గట్లనే ఏసేది. తిననీకి లేని రోజున గూడ అరపిడికెడన్న ఏసేది" అంది.

"తిండికే లేని రోజు ఎందుకవ్వా?" అన్నాను.

"మేమిచ్చిందే గదా గుడి. ఇయ్యకపోతే అది ఎవలదో అయితది."

నేను డోర్నకల్‌లో విన్న మాటల్లో అన్నిటికంటే విలువైనది ఇదే. రోజూ వంటకు ముందు పిడికెడు బియ్యం పక్కన పెట్టే అలవాటును అజరయ్య ఇంటింటికీ తీసుకెళ్లారు. ఇవ్వడం గురించి ప్రత్యేకంగా పుస్తకమే రాశారు. పేదవాళ్ల దగ్గర తీసుకోవడమేమిటని జాలిపడేవాళ్లకు ఆయన పద్ధతి అర్థం కాదు. తరతరాలుగా ఊరి చివర నిలబడి చెయ్యి చాచాల్సి వచ్చిన మనిషికి, నువ్వూ ఇవ్వగలవు, నీ పిడికెడు లేకపోతే ఈ పని సాగదు అని చెప్పడం మామూలు గౌరవం కాదు. విదేశీ డబ్బుతో కట్టినది ఆ డబ్బు ఆగితే ఆగిపోతుంది. ముంతలోంచి వచ్చినదానికి ఆ భయం లేదు.

ఆరాధన తర్వాత వేలం మొదలైంది. సంఘ పెద్ద పుంజును పైకెత్తి పాట పాడించాడు. రెండు వందల దగ్గర మొదలైంది ఆరు వందలు దాటింది. కొన్నాయన దాన్ని మళ్లీ కానుకగా ఇచ్చేశాడు, మళ్లీ వేలం. పక్క తండా నుంచి చూడటానికి వచ్చిన లంబాడా రైతు ఒకాయన గుమ్మడికాయ పాడుకుని నవ్వుకుంటూ వెళ్లాడు. చివర్లో కోశాధికారి లేచి, వచ్చిన ప్రతి రూపాయినీ పేరుతో సహా అందరి ముందూ గట్టిగా చదివాడు. ఒక కుర్రాడు లేచి, పోయిన ఏడాది కరెంటు బిల్లు లెక్క మళ్లీ చెప్పమన్నాడు. కోశాధికారి విసుక్కోకుండా చెప్పాడు. సంస్థల పెద్ద పెద్ద నివేదికలు చాలా చదివాను గానీ, ఇంత సూటిగా లెక్క అప్పజెప్పిన చోటు తక్కువే చూశాను.

ఈ జనం సమస్యలు చర్చి గోడల దగ్గర ఆగవు. ఒకే వాడలో పుట్టి, ఒకే వివక్ష అనుభవించినా, క్రైస్తవులని నమోదైతే షెడ్యూల్డ్ కులాల హోదా ఉండదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఆ హోదాను హిందువులకే పరిమితం చేసింది. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు, క్రైస్తవులకు ఇవ్వలేదు. మన రెండు రాష్ట్రాల్లో వీళ్లు బీసీ-సీ కింద 1 శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టుకోవాలి. బడి సర్టిఫికెట్‌లో ఒక మతం, మనసులో ఒక మతం పెట్టుకుని బతకాల్సిన పరిస్థితి మనిషిని లోలోపల ఎంత నలిపేస్తుందో ఆ ఊళ్లో డిగ్రీ చదివే అమ్మాయి మాటల్లో విన్నాను. సంఘం లోపలి కులం మాటా దాచకూడదు. మాల, మాదిగ సంఘస్థులు ఒకే పాత్రలోంచి ప్రభువు బల్ల తీసుకోవాలని అజరయ్య పట్టుబట్టారు. బల్ల దగ్గర కలిసినవాళ్లు పెళ్లి సంబంధాల దగ్గర కలవడానికి ఇంకా సమయం పడుతూనే ఉంది.

కదలిక కనిపించేది ఆడవాళ్లలో. స్త్రీల మైత్రి సభ్యులు ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేస్తారు, రోగుల్ని చూస్తారు, పొదుపు కడతారు. ఆ రోజు పాఠం చదివిందీ, వంటశాల నడిపిందీ వాళ్లే. ఒకప్పుడు డోర్నకల్ బిషప్ కింద ఉన్న నంద్యాల ప్రాంతం, ఇప్పుడు వేరే అధ్యక్ష ఖండం. 2013లో అక్కడ ఇ. పుష్పలలిత బిషప్‌గా అభిషిక్తులయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్ ఆమె. తొలి భారతీయ బిషప్ నడిచిన నేల మీదే అదీ జరిగింది.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి. డోర్నకల్ ఇప్పుడు ఒట్టి ఆంగ్లికన్ అధ్యక్ష ఖండం కాదు. స్వాతంత్ర్యం వచ్చిన నెలన్నరకే, 1947 సెప్టెంబరు 27న, మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అంతకుముందే కలిసిన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలవాళ్లు ఏకమై దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. నంద్యాల వైపు ఆంగ్లికన్లలో చాలామంది ఆ ఐక్యతలోకి వెంటనే రాలేదు, దశాబ్దాలు పట్టింది. అయితే ఐక్యత కోసం జీవితాంతం పాటుపడ్డ అజరయ్య ఆ రోజు చూడకుండానే వెళ్లిపోయారు. రాజకీయాల్లోనూ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని వాదించిందీ ఆయనే. దేశ జీవితంలోంచి తన జనం విడిపోవడం ఆయనకు ఇష్టం లేదు.

నేటి కష్టాలు వేరు. పత్తి, మిర్చి ధర పడిపోతే పాస్టరేటు కానుకలూ పడిపోతాయి. చదువుకున్న పిల్లలు హైదరాబాద్ వెళ్లిపోతున్నారు. ఉపదేశి పనికి ముందుకొచ్చే యువకులు తగ్గారని అయ్యగారు బాధపడ్డారు. కరెంటు లెక్క అడిగిన కుర్రాణ్ని, నువ్వు ఈ పనిలోకి వస్తావా అని అడిగాను. "జీతం సంగతి తర్వాతండి, మాట వింటారా అనేదే నా డౌటు" అన్నాడు.

ఆ అనుమానానికి జవాబు చెప్పాల్సింది పెద్దలే. చదువు లేని వాడలో నుంచి వేల మంది ఉపదేశులను నిలబెట్టి, వాళ్ల చేతికి ఊళ్లను అప్పగించిన చరిత్ర డోర్నకల్‌ది. ఒక భారతీయుడు బిషప్ పని చేయగలడా అని ఆనాడు అనుమానించినవాళ్లకు ఈ పల్లెలే జవాబు చెప్పాయి. ఇప్పుడు లెక్క అడిగే కుర్రాడికి, పాఠం చదివే అమ్మాయికి కమిటీల్లో కుర్చీ వేసి, వాళ్ల మాటకు విలువ ఇస్తే ఈ అధ్యక్ష ఖండం మరో వందేళ్లు నడుస్తుంది. ఇచ్చేవాళ్లది కాకపోతే గుడి ఎవరిదో అయిపోతుందని ముంత పట్టుకున్న అవ్వకు తెలుసు. పెద్ద కుర్చీల్లో ఉన్నవాళ్లంతా నేర్చుకోవాల్సింది ఆమె దగ్గరే.