కంచికి వెళ్లే దారిలోనే... బంగారు బల్లి!

అఫ్జల్‌గంజ్‌లో పొద్దుగూకింది. మూసీ ఒడ్డున స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఎదుట బస్సుల హారన్లు, ఆటోల కేకలు. అంత రద్దీలోనూ దుకాణాల్లో ట్యూబ్‌లైట్లు వెలగ్గానే ఓ అతిథి ఠంచనుగా గోడమీదికొస్తుంది... బల్లి!

మాట మధ్యలో అది పలికితే 'అదిగో, సత్యం' అంటారు. మీద పడితే మాత్రం పంచాంగం తిరగేస్తారు. కంచి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లిని తాకితే దోషం పోతుందని నమ్మకం. అయితే ప్రాణమున్న బంగారు బల్లి కూడా ఒకటుంది. కంచిదాకా అక్కర్లేదు, దారిలోని తిరుమల కొండే దాని పుట్టిల్లు!

శ్రీవారి ఆలయం దాటి ఉత్తరంగా వెళ్తే శిలాతోరణం, ఆ పైన చక్రతీర్థం. నీటి చెమ్మ ఆరని బండలు, చల్లటి నెర్రెలు. చీకటి పడ్డాక ఆ నెర్రెల్లోంచి జానెడు పొడవున్న బల్లి తల బయటపెడుతుంది. పసిడి ఛాయ ముఖ్యంగా మగవాటి సొంతం. ఆడవి చాలావరకూ బండ రంగులోనే కలిసిపోతాయి. గుడ్లను రాతికే అతికిస్తాయి.

మద్రాసు అటవీశాఖలో పనిచేసిన సైనికాధికారి బెడ్డోమ్ 1870లో దీని గురించి లోకానికి చెప్పాడు. శాస్త్రనామం కాలోడాక్టైలోడిస్ ఆరియస్. ఆరియస్ అంటే లాటిన్‌లో బంగారు అని అర్థం. తర్వాత వందేళ్లకు పైగా శాస్త్రవేత్తలకు దాని జాడే లేదు! జె.సి.డేనియల్, భరత్ భూషణ్ బృందం అది తూర్పుకనుమల్లో మళ్లీ కనిపించిందని 1986లో ప్రకటించింది. ఆపైన ఒడిశా, తమిళనాడు కొండల్లోనూ దొరికింది.

ఈ ప్రజాతిలో దానికున్న తోబుట్టువు ఒకే ఒక్కటి. అది శ్రీలంక దీవిలో తప్ప మరెక్కడా కనిపించదు. దానిదీ రాతిగుహల కాపురమే. ఒకదాని చుట్టూ సముద్రం. మరి రెండోదానికో? బండలకు దూరంగా బతకలేని ప్రాణికి చుట్టూ ఉన్న మైదానమే సముద్రం, కొండే దీవి!

ఇళ్లలో తిరిగే బల్లులది వేరే తీరు. వాటిలో కొన్ని జాతులు మనిషి సామాన్లతోపాటు ఓడలెక్కి పసిఫిక్ దీవులదాకా చేరాయి. అఫ్జల్‌గంజ్‌లో ఒక దుకాణం మూతపడితే గోడమీది బల్లి పక్క దుకాణానికి పోతుంది. బంగారు బల్లికి పక్క దుకాణం లేదు. 2014 మార్చిలో శేషాచలం అడవులు మంటల్లో చిక్కుకుంటే ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఆ కొండలు 2010లోనే జీవావరణ రిజర్వు అయ్యాయి. వన్యప్రాణి చట్టం రక్షణా ఈ బల్లికుంది. కానీ బండ పగిలినా, ఊట ఎండినా దాని ఇల్లు పోయినట్టే.

ఈసారి కొండెక్కినవాళ్లు చక్రతీర్థం దగ్గర కాసేపు ఆగొచ్చు. కంచి బల్లిని తాకితే పుణ్యమంటారు. ఈ బల్లి విషయంలో మాత్రం... తాకకుండా రావడమే పుణ్యం!