రంగము పోయిన ముత్తాత

మా తాతగారు సంక్రాంతినాడు పెద్దలకు క్రొత్త బట్టలు పెట్టునప్పుడు పీటమీద తమ తల్లి పేర ఒక చీర మాత్రమే ఉంచెడివారు. తండ్రి పేర పంచె ఉంచెడివారు కారు. చిన్నతనమున నేనొకసారి కారణమడుగగా, "రంగం పోయిన మనిషికి పంచె ఎందుకురా? మాకు ఒక్క దమ్మిడీ అయినా పంపలేదు" అని ముఖము త్రిప్పుకొనిరి. మరల నేనడుగలేదు.

రంగమనగా రంగూను, నేడు యాంగోన్ అనుచున్నారు. మాది కాకినాడకు దక్షిణముగా సముద్రమునకు చేరువనున్న పల్లె. పంటలు చాలని ఏట, పనులు లేని నెలలలో, మా ప్రాంతపు కూలీలు ఓడనెక్కి రంగము పోయెడివారు. అక్కడ బియ్యపు మిల్లులలోను, రేవులోను బస్తాలు మోయుట వారి పని. ఓడ ఖర్చునకు మేస్త్రీ ముందుగా సొమ్మిచ్చి, దానిని కూలిలో మినహాయించుకొనెడివాడు. కొందరు ఒకటి రెండేండ్లకు తిరిగివచ్చిరి. 1941 డిసెంబరు 23న రంగూనుపై జపాను విమానములు బాంబులు వేసిన పిదప వేలకొలది జనులు అడవులు, కొండలు దాటి కాలినడకన భారతదేశము చేరిరి. మా ఊరికట్లు వచ్చినవారిలో మా ముత్తాత లేడు.

ఉద్యోగము విరమించిన పిమ్మట నాకాయన జాడ వెదకవలెనని బుద్ధి పుట్టెను. మొదట భూమి లెక్కలు చూచితిని. ఆంగ్లేయుల కాలపు సెటిల్మెంటు రిజిష్టరులో ప్రతి సర్వే నంబరునకెదుట పట్టాదారు పేరు, విస్తీర్ణము, శిస్తు ఉండును. అడంగలులో ఏ చేనిలో ఏ పైరు వేసిరో ఉండును. కూలికి దున్నినవాని పేరు రెంటను ఉండదు. మా ముత్తాత పాలేరు. ఆయన దున్నిన పొలము సెంట్లతో సహా లెక్కలకెక్కెను, ఆయన ఎక్కలేదు. పోనీ, ఇల్లున్నది గదా యనుకొంటిని. ఆ ఇల్లు గ్రామకంఠములోనిది. అందు ఇంటింటికి పేరు వ్రాయలేదు. 1881 నుండి పదేండ్లకొకసారి జనాభా లెక్కలు తీసిరి గాని, ఒక్కొక్క మనిషిని గూర్చి వ్రాసిన కాగితములను దాచలేదు. మిగిలినవి అంకెలే.

జనన మరణముల రిజిష్టరు కొంత మేలు. 1911లో మా తాతగారి పుట్టుక అందు దొరకెను. శిశువు పేరు లేదు, 'మగ' అని మాత్రమున్నది. మునసబులు ఆ రోజులలో తరచుగా అంతే వ్రాసెడివారు. తండ్రి పేరు పిమ్మట వృత్తి: 'కూలి'. ఆ రెండక్షరములను చూచుచు నేను చాలసేపు కూర్చుంటిని.

ఓడల పట్టికలలో ఉండునేమోనని ఆశపడితిని. 1860 నవంబరు 16న మద్రాసునుండి 'ట్రూరో' అను ఓడ దక్షిణాఫ్రికాలోని నేటాలు చేరెను. దానితో ఆరంభించి అక్కడి చెరకుతోటలకు పోయిన కూలీలందరి పేరు, తండ్రి పేరు, వయస్సు, ఊరు, దేహముపైని గుర్తులు గూడ పట్టికలలో ఉన్నవి. వారు ఒడంబడికపై పరదేశము పోయినవారు. బర్మా యన్ననో 1937 వరకు ఇండియాలోని ఒక రాష్ట్రమే. స్వదేశములో ఒక చోటినుండి మరియొక చోటికి పోవువానిని గూర్చి అట్టి పట్టిక వ్రాయవలసిన పని లేకపోయెను. అందుచేత నేటాలు పోయిన తెలుగువాని మునిమనుమడు తన ఊరిని వెదకికొనగలడు గాని, రంగము పోయినవాని మునిమనుమనికి ఆ అదృష్టము లేదు.

ఇక మిగిలినది రిజిస్ట్రేషను కార్యాలయము. పాత పేర్ల సూచికలో మా ముత్తాత పేరు చూచినప్పుడు నా వ్రేలు దానిమీదనే నిలిచిపోయెను. 1919 ఆగస్టులో, రంగము పోవు ఖర్చులకును కుటుంబ పోషణకును, ఆయన ఇల్లు తనఖా పెట్టి 100 రూపాయలు తీసికొనెను. వడ్డీ నెలకు నూటికి రూపాయి. నూరు రూపాయలు గాని, అంతకు మించి గాని తనఖా అయినచో రిజిష్టరు చేయించుట చట్టప్రకారము తప్పనిసరి. తొంబది రూపాయలతో ఆయన అవసరము తీరియుండినచో ఆయన పేరు నాకెన్నడును దొరకెడిది కాదు.

అక్కడున్నది గుమాస్తా వ్రాసిన నకలు. చివర 'వేలిముద్ర' అని మాటయే గాని ముద్ర లేదు. ఇంటికి వచ్చుచుండగా నాకొక సంగతి తోచెను. ఆ ఇల్లు నేటికిని మాదే. కావున అప్పు తీరియుండవలెను. అప్పు తీరినచో అసలు పత్రమును ఇల్లుగలవారికి తిరిగి ఇచ్చుట ఆచారము. అట్లయిన అది ఎక్కడ?

తాతమ్మ పెట్టె అటకమీద ఉండెను. చిల్లులుపడిన దుప్పటి క్రింద ఒక రేకు గొట్టము, అందు చుట్టిన పత్రము! విప్పినప్పుడు మడతలు విరుగుచుండెను. చివర నల్లని వేలిముద్ర. వెనుకవైపున అప్పిచ్చినవాని చేవ్రాతతో నాలుగు జమలు, అన్నియు 'రంగం మనియార్డరు వల్ల' అనియే. దుర్మతి పుష్యమున 30 రూపాయలు, దుందుభి వైశాఖమున 50, ఆ యేడే మాఘమున 30, రుధిరోద్గారి మాఘమున 31, 'చెల్లు'. తెలుగు సంవత్సరముల పేర్లు అరువదేండ్లకొకసారి తిరిగివచ్చును గనుక దుర్మతి 1861 కావచ్చును, 1921 కావచ్చును. పత్రము 1919 నాటిది గావున ఇది 1921–22 దుర్మతియే. అనగా 1924 ఫిబ్రవరి నాటికి 141 రూపాయలు ముట్టినవి. బస్తాకింత యని మోసి కూడబెట్టిన సొమ్మది.

అటుపిమ్మట జమ లేదు, జాబు లేదు.

సొమ్ము నేరుగా అప్పిచ్చినవానికే చేరెను. కాబట్టి పిల్లలు దమ్మిడీ చూచి యుండరు. మా తాతగారు చెప్పినది అబద్ధము కాదు. కాని ఆయన పెరిగినది, పెండ్లాడినది, ముసలివాడై 1990లో కన్నుమూసినది ఆ సొమ్ముతో విడిపించిన ఇంటిలోనే. తాతమ్మకు చదువు రాదు. అయినను ఆ గొట్టమును అంత భద్రముగా దాచినదనగా ఆమెకు తెలియకుండునా? కొడుకు కోపమునకు వెరచి ఊరకుండెనో, చెప్పినను అతడు వినడాయెనో!

మొన్నటి సంక్రాంతికి పీటమీద చీర ప్రక్కన ఒక నేత పంచె ఉంచితిని. ఎనుబది యేడేండ్ల మా నాన్నగారు దాని అంచునకు పసుపు రాచి, ఏమియు అనక, దానిని చీర దగ్గరకు కొంచెము జరిపిరి.