బ్రాడీ, మోంటానా.. మన బలరాం, హబీబ్

అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్‌తో నాకు పరిచయం క్లయింటు కాల్స్ పుణ్యమే. కాలితో తన్నేది తక్కువ, చేత్తో పట్టుకుని పరిగెత్తేది ఎక్కువ, బంతి కూడా గుండ్రంగా ఉండదు. అయినా దాని పేరు ఫుట్‌బాలే! సూపర్ బౌల్ అయిన మర్నాడు మీటింగులో మొదటి పది నిమిషాలు పని గురించి ఎవరూ మాట్లాడరు. టామ్ బ్రాడీ గొప్పా, జో మోంటానా గొప్పా అన్నది అక్కడ ఎన్నేళ్ళయినా తెగని పంచాయితీ.

నాకు నచ్చేది వాళ్ళు వాదించే పద్ధతి. ఒకాయన బ్రాడీ 7 సూపర్ బౌల్స్ గెలిచాడంటాడు. ఇంకొకాయన, మోంటానా ఆడిన 4 సూపర్ బౌల్సూ గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు కదా అంటాడు. మూడో ఆయన మధ్యలో దూరి, జెర్రీ రైస్ లీగు మ్యాచుల్లో పాసులు అందుకుని సంపాదించిన 22,895 గజాల సంగతి ముందు చూడండంటాడు. 1965 సీజన్‌తో ఆట ఆపేసిన జిమ్ బ్రౌన్ గురించి కూడా, అప్పటికి పుట్టని వాళ్ళు నిన్న చూసినట్టే చెప్తారు.

సరే, ఇక మా ఊరికొద్దాం. మాది తాండూరు. బండలకీ, కందిపప్పుకీ తప్ప మీరు ఆ పేరు విని ఉండకపోవచ్చు. అక్కడ మా తాతకీ, వికారాబాదులో ఉండే ఆయన దోస్తు, రిటైరైన ఒక ఉర్దూ సారుకీ మధ్య నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ ఇలాంటి వాదనే నడుస్తోంది. కాకపోతే వీళ్ళది కాలితో ఆడే ఫుట్‌బాల్ :) వయసులో ఉన్నప్పుడు ఇద్దరూ రైలెక్కి హైదరాబాదు వెళ్ళి, ఫతే మైదానంలో మ్యాచ్ చూసి, రాత్రి బండికి తిరిగొచ్చిన బాపతు. తాత పార్టీ తులసీదాస్ బలరాం. సారు పార్టీ మహమ్మద్ హబీబ్.

"బలరాం ఆట సూసినోడు ఇంకోని పేరు తియ్యడు" అంటాడు తాత.

"అరె భాయ్, పీలే ఆడిన మ్యాచ్‌ల గోల్ కొట్టిండు హబీబ్. మీ బలరాం కొట్టిండా?" అంటాడు సారు.

ఇద్దరి మాటలోనూ బలముంది. బలరాం సికిందరాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టినవాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన మన జట్టులో ఉన్నాడు. 1960 రోమ్‌లో హంగేరీ మీదా, పెరూ మీదా గోల్స్ కొట్టాడు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ బంగారు పతకం సరేసరి. అనారోగ్యంతో ముప్ఫై నిండకముందే ఆట మానేయాల్సొచ్చింది. ఇక హబీబ్, 1970 ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం గెలిచిన జట్టు మనిషి. 1977లో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2తో డ్రా చేసుకుంటే, అందులో ఒక గోల్ ఆయనదే.

వీళ్ళిద్దరి మధ్యా వాదన ఆగేది ఒక్క పేరు దగ్గరే. సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగా 1951లోనూ, 1962లోనూ ఇండియాకి ఏషియన్ గేమ్స్ బంగారం వచ్చింది. 1963 జూన్‌లో క్యాన్సర్‌తో పోయారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో అమెరికా వాళ్ళు ఒహాయోలోని కాంటన్‌లో తమ ఫుట్‌బాల్ వీరుల కోసం హాల్ ఆఫ్ ఫేమ్ తెరిచారు. రహీం సాబ్ కథ సినిమాగా రావడానికి 2024 పట్టింది, అదీ హిందీలో. 2022లో ఐఎస్ఎల్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ అయితే 2025లో పేరు కూడా మార్చుకుని ఢిల్లీ వెళ్ళిపోయింది.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు తాత, జకార్తా ఫైనల్లో బలరామే గోల్ కొట్టాడని చెప్తున్నాడు. ఫోన్లో చూపించాను. కొరియా మీద 2-1తో గెలిచిన ఆ మ్యాచ్‌లో గోల్స్ పీకే బెనర్జీవి, జర్నైల్ సింగ్‌వి. బలరాం ఆ ఫైనల్ ఆడాడు గానీ గోల్ కొట్టలేదు. తాత ఏమాత్రం తగ్గలేదు. "అయితే ఏంది బిడ్డా? ఆడిపిచ్చినోడు ఎవడు?" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ తర్వాత ఆలోచిస్తే దిగులేసింది. అభిమానానికి అక్కడా ఇక్కడా లోటు లేదు. కానీ అక్కడ అభిమానంతో పాటు లెక్క కూడా రాసిపెట్టారు. అందుకే జిమ్ బ్రౌన్ ఆట చూసినవాళ్ళు పోయినా ఆ వాదన ఆగదు. మా తాతా, సారూ పోతే వీళ్ళ వాదన అక్కడితో ఆఖరు. ప్రాజెక్టులో ఒక సీనియర్ మానేస్తున్నాడంటే నెలరోజుల ముందే కేటీ సెషన్లు పెట్టి అన్నీ రాయించుకుంటాం కదా! 2023 ఫిబ్రవరిలో బలరాం పోయాడు. అదే ఏడాది ఆగస్టు 15న హబీబ్ పోయాడు. మనలో ఎంతమందిమి ఆ వార్త ఆగి చదివాం?

పాతవాళ్ళని తలుచుకుంటే ఏమొస్తుంది అనొచ్చు. మా ఊళ్ళో సాయంత్రం బంతి తన్నే పిల్లలు మెస్సీ పేరున్న చొక్కాలేసుకుంటారు. మంచిదే, మెస్సీ మెస్సీయే. కానీ రెండు మూడు గంటల రైలు దూరంలో పుట్టిన ఒక కుర్రాడు ఒలింపిక్స్‌లో హంగేరీకి గోల్ కొట్టాడని ఆ పిల్లలకి చెప్పేవాళ్ళు లేరు. ఆ మాట తెలిస్తే, ఫుట్‌బాల్ ఎక్కడో విదేశాల వాళ్ళది మాత్రమే అనిపించదు కదా.

అందుకే ఈసారి నుంచి తాతా, సారూ వాదించుకుంటుంటే ఫోన్లో రికార్డు చేస్తున్నాను. ఎవరు ఏ మ్యాచ్ చూశారు, ఎవరెవరు ఆడారు, టికెట్ ఎంత, అన్నీ అడుగుతున్నాను. పాత పేపర్లతో సరిచూసి, తప్పులుంటే పక్కన రాస్తున్నాను. తాత మాట మాత్రం కొట్టేయడం లేదు, అదీ ఉండాల్సిందే.

మీ ఇళ్ళల్లోనూ ఫతే మైదాన్ రోజులు చూసిన పెద్దవాళ్ళు ఉండే ఉంటారు. ఈ వీకెండ్ ఫోన్ చేసినప్పుడు ఒక్కసారి అడిగి చూడండి. వాళ్ళది ఎవరి పార్టీ?