కునుకుల్లో రకాలు

రిటైరైన తండ్రికి కాలక్షేపం ఉండాలని మా వాడు బెంగుళూరు నుంచి వస్తూ ఒక ల్యాప్‌టాప్ తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. మర్నాడు కరెంటు పోయింది. నాలుగు గంటలైనా రాలేదు. ఇది మాత్రం చెక్కుచెదరకుండా వెలుగుతూనే ఉంది.

"బ్యాటరీ అంత పెద్దదా ఏమిట్రా?" అన్నాను.

"కాదు నాన్నా, ప్రాసెసరుకి కునుకు తియ్యటం బాగా తెలుసు" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. పగలు రెండు కునుకులు తీస్తానని మా ఆవిడ చేత రోజూ మాటలు పడే మనిషిని నేను! "విన్నావటే?" అని వంటింటి వైపు కేకేశాను. జవాబు రాలేదు.

ఇంతకీ సంగతేమిటంటే, నేను 'క' నొక్కి 'మ' ఎక్కడుందా అని వెతుక్కునే లోపల ప్రాసెసరుకి యుగాలు గడిచిపోతాయట. సెకనుకు రెండు వందల కోట్ల సార్లు కొట్టుకునే గడియారం మరి. 'ఇక ఆగు' అనే ఆజ్ఞ 1978 నాటి 8086 లోనే ఉన్నా, విండోస్ 95 దాన్ని వాడుకోలేదు. పని లేకపోయినా పాపం గానుగెద్దులా తిరుగుతూనే ఉండేది. 2000 జనవరిలో ఇంటెల్ వాళ్ళు ఇంకో ఉపాయం తెచ్చారు. ప్లగ్గులో ఉంటే 650 మెగాహెర్ట్జ్‌తో పరుగెత్తే చిప్పు, బ్యాటరీ మీద 500కి దిగుతుంది. దాంతోపాటు వోల్టేజీ 1.6 నుంచి 1.35కి దిగుతుంది. ఖర్చు వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుందని మా వాడన్నాడు. ముప్ఫయ్యేళ్ళు లెక్కలు రాసిన చెయ్యి ఊరుకుంటుందా? వేసి చూశాను. వేగం పావువంతు కూడా తగ్గలేదు. ఖర్చు మాత్రం సగానికి కాస్త ఇటుగా వచ్చింది!

అసలు ఆదా అంతా నిద్రలోనే ఉందిట. అందులోనూ రకాలున్నాయి. తేలిక కునుకైతే గడియారం ఆగుతుందంతే, పిలవగానే లేస్తుంది. గాఢనిద్రయితే దగ్గరున్న సరుకంతా భద్రంగా సర్దిపెట్టి, తన కరెంటు తనే కట్టేయించుకుంటుంది. మిగులంతా అక్కడే. కానీ లేవటానికి కాస్త సేపు పడుతుంది, లేవటానికీ ఖర్చవుతుంది. మాటిమాటికీ లేపితే పడుకున్న ఫలమే దక్కదు. అయినా వెనక లినక్సులో పనున్నా లేకపోయినా సెకనుకు వందల సార్లు గంట కొట్టి లేపేవారట. ఖాళీగా ఉన్నప్పుడు ఆ గంట మానటం 2007లో మొదలైంది.

"నిద్ర ఎంతసేపన్నది కాదు నాన్నా, మధ్యలో ఎన్నిసార్లు లేపారన్నది లెక్క" అన్నాడు మా వాడు.

నేను మాట్లాడలేదు. మా నాన్నగారు పక్షవాతంతో ఏడేళ్ళు మంచంలో ఉన్నారు. ఆ ఏడేళ్ళూ మా అమ్మ మంచం పక్కన చాప మీదే. ఆయన దగ్గితే లేచేది, మూలిగితే లేచేది, ఏమీ చప్పుడు లేకపోతే భయపడి లేచేది. "రాత్రి తొమ్మిదింటికే పడుకుంటావు గదా, ఇంకా నీరసమేమిటే?" అని ఓసారి విసుక్కున్నాను కూడా.

ఇప్పుడు అమ్మకి ఎనభై ఎనిమిది. ఆవిడ గదిలో ఆ చాప మీద మా ఆవిడ పడుకుంటోంది. నాకు అడ్డం రాకూడదని తలుపు జేరవేసి మరీ.

ఆ రాత్రి మేలుకుని లెక్కపెట్టాను. తెల్లారేసరికి ఆరుసార్లు.

మర్నాడు నా పక్క అమ్మ గదిలోకి మార్చాను. "మీరా? మీకు మెలకువ వస్తుందీ?" అంది మా ఆవిడ. పగలు రెండు కునుకులు తీసేవాడికి రాత్రి మెలకువకేం లోటన్నాను. నమ్మలేదు గాని, వెళ్ళి పడుకుంది.

ఒంటిగంట వేళ "అమ్మాయ్" అంది అమ్మ. లేచి మంచినీళ్ళు పట్టాను. చీకట్లో నా చెయ్యి తడిమి చూసింది.

"నువ్వట్రా! దానికేమైంది?"

"నిద్రపోతోందమ్మా."

"అయితే లేపకు" అని, గ్లాసు నా చేతికిచ్చి అటు తిరిగి పడుకుంది.