మాపటికి క్యాబేజీ

సంక్రాంతి దాటిందంటే మా రొంపిచెర్లలో సాయంత్రం గాలికే కారం ఉంటుంది. కల్లాల్లో ఎండబోసిన మిరపకాయల మీద పరదాలు కప్పే వేళకు, కోతకు పోయిన ఆడవాళ్లు ట్రాక్టర్ల మీద నుంచి దిగుతుంటారు. ముక్కుకు చుట్టుకున్న తువ్వాళ్లు విప్పుకుని, తుమ్ముకుంటూ ఇళ్లకు పోతారు. అప్పుడు ఏ గుమ్మం ముందు నిలబడ్డా వినపడే మాట ఒకటే. "మాపటికేం కూర?"

మా ఇంట్లో ఆ రెండు మూడు నెలలూ వారానికి నాలుగు రోజులు దానికి జవాబు క్యాబేజీ.

పల్నాడు కారానికి పెట్టింది పేరు. గోంగూర పచ్చడైనా, పండుమిరప కారమైనా, కోడికూరైనా కంట్లో నీళ్లు తిరిగితేనే మాకు తిన్నట్టు. అలాంటి ఊళ్లో, అందులోనూ మిరప కోతల నెలల్లో, ఇంత చప్పని కూర ఎందుకు పొయ్యెక్కేదో నాకు అమ్మ చేతులు చూశాకే తెలిసింది. పగలంతా కాయ కోసిన చేతులు రాత్రికి నిప్పుల్లో పెట్టినట్టు మండుతాయి. నీళ్లతో ఎన్నిసార్లు కడిగినా ఆ మంట పోదు, ఎందుకంటే మిరపలోని కారపు పదార్థం కాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అమ్మ ముందు కొబ్బరినూనె రాసి తుడిచేది, తర్వాత గిన్నెడు మజ్జిగలో వేళ్లు ముంచుకుని కూర్చునేది. వేడి తగిలితే మంట మళ్లీ లేస్తుంది కాబట్టి వేడన్నం చేత్తో కలుపుకోలేదు. నాయనమ్మే పళ్లెంలో కలిపి ముద్దలు పెట్టేది. ఒక ముద్ద నాకు, ఒక ముద్ద అమ్మకు. కోడలికి అన్నం తినిపించే అత్తగారిని నేను ఆ కోతల నెలల్లోనే చూశాను. పొద్దుటి నుంచి కారం పీల్చిన గొంతుకు మళ్లీ కారం పెట్టడం ఆమెకు ఇష్టం ఉండేది కాదు. "రేతిరికన్నా చలవగా తిననీయండే" అనేది.

ఆ రోజుల్లో కూర తరిగేది నేను. నాకు తొమ్మిదేళ్లు. అమ్మ చెయ్యి కూరకు తగలకూడదు, నాయనమ్మకు చూపు ఆనేది కాదు. కత్తిపీట ముందు కూర్చోబెట్టి నాకిచ్చిన మొదటి కాయ క్యాబేజీ. పిల్లకు తరగడం నేర్పాలంటే దాన్ని మించింది లేదు. చెక్కు తీయక్కర్లేదు, గింజ తీయక్కర్లేదు, ఉల్లిపాయలా ఏడిపించదు, బెండకాయలా జారదు. పైఆకులు రెండు మూడు ఒలిచి గేదెకు వేసి, కాయను నాలుగు చెక్కలు చేసి, ఒక్కో చెక్కను సన్నగా తరుగుతుంటే కత్తిపీట కింద తెల్లటి కుప్ప పెరిగేది. నడిమి గట్టి మొదలు తరిగినవాళ్లకు కూలి. దానికి ఉప్పు అద్దుకుని పచ్చిగా కరకరా నమిలేదాన్ని.

ఇప్పుడు నేను నరసరావుపేటలో ఉద్యోగం చేసి ఆరున్నర బస్సుకు ఇంటికి వస్తాను. అదే కూర వండుతాను. బడి నుంచి రాగానే పిల్లవాడు గుప్పెడు పెసరపప్పు కడిగి నానబెడతాడు. నేను వచ్చేసరికి అది గోటితో గిల్లితే తెగేటంత నానుతుంది. మూకుట్లో రెండు చెంచాల నూనె పోసి, ఆవాలు, మినప్పప్పు, రెండు ఎండుమిరపకాయలు, కరివేపాకు, దంచిన అల్లం తిరగమాత పెట్టి, అర కిలో తరుగూ పప్పూ ఒకేసారి వేసేస్తాను. పసుపు, ఉప్పు. నీళ్లు చుక్క పోయను. వంద గ్రాముల క్యాబేజీలో తొంభై రెండు గ్రాములు నీళ్లే. ఉప్పు పడితే ఆ నీరే బయటికొచ్చి పప్పును ఉడికిస్తుంది. మూత పెట్టను. పెద్ద మంట మీద ఎనిమిది నిమిషాలు కలుపుతూ ఉంటే తరుగు మెత్తబడుతుంది గానీ ముద్దవదు. దింపి పిడికెడు పచ్చికొబ్బరి చల్లుతాను. నలుగురికి సరిపోతుంది. పక్కన అన్నం, చారు, మజ్జిగ ఉంటే చాలు, ఏడున్నరకు అందరం పళ్లేల ముందుంటాం.

మూత సంగతి నొక్కి చెప్పాలి. క్యాబేజీ అంటే మొహం తిప్పుకునే వాళ్లలో చాలామంది హాస్టల్ మెస్సుల్లో దాన్ని తిన్నవాళ్లే. నేనూ తిన్నాను. డేగిసా నిండా నీళ్లు పోసి, మూత పెట్టి, గంటసేపు ఉడకబెట్టిన కూర మెట్ల మీదికే వాసన కొట్టేది. ఈ కాయలో గంధకపు పదార్థాలున్నాయి. ఉడికే కొద్దీ అవి విడిపోయి ఆ కంపు పుడుతుంది, మూత ఉంటే గిన్నెలోనే నిలిచిపోతుంది. సి విటమిన్ వేడికి కొంత, పారబోసిన నీళ్లతో కొంత పోతుంది. తప్పంతా ఎక్కువసేపు ఉడకబెట్టడంలో ఉంటే, నింద మాత్రం పాపం కాయకు పడింది.

క్యాబేజీ మా నేల పంట కాదు. దానికి చల్లదనం కావాలి, పదిహేను నుంచి ఇరవై డిగ్రీల మధ్య బాగా గడ్డ కడుతుంది. మదనపల్లె, పలమనేరు, కోలారు వైపు నేలలు దానికి నచ్చాయి. చిత్తూరు జిల్లాలోనూ ఒక రొంపిచెర్ల ఉంది. అటు వైపు తోటల కాయ ఈ రొంపిచెర్ల మూకుట్లో పడటం నాకెందుకో చుట్టం ఇంటికొచ్చినట్టు ఉంటుంది. ఐరోపా నుంచి వచ్చిన సీమ కాయ కాబట్టి పాతకాలపు ఇళ్లలో తద్దినానికి వండరు. మిరపకాయ కూడా పోర్చుగీసువాళ్ల వెంట సముద్రం దాటి వచ్చిందే, కానీ ఇప్పుడది లేని పల్నాడును ఊహించలేం.

ఆదివారం నాడు ఆవపెట్టి వండుతాను. ఆవాలు, ఎండుమిరప, కాస్త పచ్చిబియ్యం నూరి, కూర పొయ్యి దించి చల్లారాక నిమ్మరసంతో కలపాలి. వేడి మీద కలిపితే చేదెక్కుతుంది. క్యాబేజీ, ఆవాల పొత్తు మూకుట్లో మొదలైంది కాదు. క్యాబేజీని తినేసే రెక్కల పురుగు ఒకటుంది, దానికి ఆవమొక్క ఇంకా ఇష్టం. అందుకని ఇరవై ఐదు వరసల క్యాబేజీకి రెండు వరసల ఆవాలు ఎరపంటగా వేయమని బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చెప్పారు. పురుగు ఆవమొక్క మీద వాలుతుంది, కాయ మీద కొట్టే మందు తగ్గుతుంది. మందు బాగా కొడతారన్న భయంతో క్యాబేజీ మానేసినవాళ్లు మా వీధిలోనూ ఉన్నారు. పైఆకులు తీసేసి, తరిగాక ఉప్పునీళ్లలో కడిగి వాడటం నా పద్ధతి. రెండు వరసల ఆవాలు వేసే రైతులు పెరిగితే ఆ భయం పొలంలోనే తగ్గుతుంది.

నాయనమ్మ కాలంలో రాత్రిపూట జొన్నకూడే. పల్నాటి జొన్నకూడు మీద విసుక్కున్న చాటువులు శ్రీనాథుడి పేరున ఇప్పటికీ చెప్పుకుంటారు. 1967లో నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్లు వదిలాక మాగాణి పెరిగి, వరన్నం పళ్లెంలోకొచ్చి, జొన్న వెనక్కి పోయింది. ఇప్పుడు ఇంటికొక షుగరు బాధితుడు తేలాక మళ్లీ వస్తోంది. మా ఆయన కోసం జొన్నపిండిలో సన్నటి క్యాబేజీ తురుము, జీలకర్ర, కొత్తిమీర, ఉప్పు వేసి వేణ్ణీళ్లతో కలిపి రొట్టె తడతాను. తురుము చెమ్మకు రొట్టె విరగదు, చల్లారినా గట్టిపడదు. క్యాబేజీని మిరపతోనే కలిపేవాళ్లూ ఉన్నారు. కొరియాలో చలికాలం మొదట్లో ఆడవాళ్లంతా కూడి, ఇంకో జాతి క్యాబేజీకి మిరపపొడి దట్టించి చలికాలమంతటికీ సరిపడా కిమ్చీ పెట్టుకుంటారు. ఆ ఆనవాయితీని 2013లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. వాళ్లు ఆ రెండింటినీ ఒకే జాడీలో పెట్టారు. మేం ఒకటి పగటికి, ఒకటి రాత్రికి పంచుకున్నాం.

మా చేలో ఇప్పుడు కోసేది ఊరివాళ్లే కాదు. కర్నూలు వైపు నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలు కోతలకు వలసొచ్చి, చేల గట్ల మీద డేరాలు వేసుకుంటాయి. మొన్న మాఘమాసంలో ఒక సాయంత్రం కాటా దగ్గరికి పోతూ సంతలో తెచ్చిన రెండు క్యాబేజీలు పట్టుకెళ్లాను. మూడు రాళ్ల పొయ్యి మీద పెనం కాగుతోంది. తల్లి అరచేతులకు నూనె రాసుకుని, వేళ్లు విడదీసి, మోకాళ్ల మీద బోర్లించుకుని కూర్చుంది. "కాయ బాగా మండుతాందక్కా, తేజా రకం గదా" అంది. ఎనిమిదేళ్ల పిల్ల నా చేతిలోంచి కాయ అందుకుంది. కత్తిపీట లేదు. కొడవలిని కాలి కింద అదిమిపెట్టి, నాలుగు చెక్కలు చేసి, సన్నగా తరగడం మొదలుపెట్టింది.

"అన్నిట్లో చెయ్యి పెట్టేస్తాదిది" అంది తల్లి.

వెల్లుల్లి, ఉప్పు, ఆ తరుగు. అంతే కూర. రొట్టె కాలుతుండగా తిరిగి చూస్తే పిల్ల గట్టి మొదలు ఉప్పులో అద్దుకుంటోంది. నన్ను చూసి సగం విరిచి చెయ్యి చాపింది.