పొందికయు సత్యమును

2024లో శ్రీవిజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నగరమున డైరీ ఫార్మ్ అను పేట కలదు. 2011 జనాభా లెక్కలలో అండమాన్ నికోబార్ దీవులవారు నూటికి 13 మంది తమ మాతృభాష తెలుగని చెప్పిరి. ఇట్టి అంకెలను చదువువిధమును నేర్పుటకు ఆ దీవులలోనే మరియొక పట్టిక కలదు. అది గ్రేట్ అండమానీయులది.

1858లో బ్రిటిషువారు ఖైదీల వలసను నెలకొల్పిన పిదప తట్టు మొదలగు వ్యాధులచే ఆ జాతి క్షీణించెను. 1901లో వారు 625 మంది, 1911లో 455, 1921లో 209, 1931లో 90, 1951లో 23, 1961లో 19. ఈ క్షయము సరళరేఖకు లొంగదు, వక్రరేఖను కోరును. ఈ సంఖ్యల సంవర్గమానములకు సరళరేఖను అమర్చినచో పొందికను తెలుపు ఆర్-స్క్వేర్ 0.98 వచ్చును. అదే రేఖను మరల మనుష్యులసంఖ్యగా మార్చి కొలిచినచో 0.96 వచ్చును. రేఖ యొక్కటే, కొలతలు రెండు. మొదటిది నిష్పత్తిలోని తప్పును, రెండవది తలల లెక్కలోని తప్పును చూచును.

అంతకంటె లోతైన చిక్కు వేరొకటి కలదు. సరళరేఖ విషయమున మొత్తము వైవిధ్యము, రేఖ వివరించిన భాగము, మిగిలిన శేషము అని రెండుగా చక్కగా చీలును. వక్రరేఖలయందు ఆ విభజన నిలువకపోవచ్చును. కనుక అచట “నూటికి ఇంత వివరింపబడినది” అనుట చెల్లదు. 1985లో క్వాల్సెత్ ఈ కొలతను గూర్చి హెచ్చరించెను. 1973లో అకాయికె ప్రతిపాదించిన ప్రమాణము పెక్కు రేఖలలో మేలైనదానిని ఎన్నుకొనుటకు తోడ్పడును. కాని ఆ మేలైనదియు సత్యమేనని అది చెప్పదు.

అసలు పరీక్ష పిదప వచ్చిన లెక్కలు. పై రేఖ ననుసరించి 1971లో 8 మంది, 2001లో ఒక్కరు మిగులవలెను. లెక్కకు వచ్చినవారు 24, 43. 1970 ప్రాంతమున స్ట్రెయిట్ ద్వీపమున వారికి నివాస మేర్పడెను. ఇతరులతో వివాహబంధములు కలిసెను. జాతి నిలిచెను. భాష నిలువలేదు. అన్వితా అబ్బి పదిలపరచిన మాటలు మిగులగా, బో భాష నెరిగిన చివరి వ్యక్తి బోవా సీనియర్ 2010 జనవరి 26న మరణించెను. అప్పటికే ఆ జాతి పిల్లల నోట హిందీ స్థిరపడెను. రేఖ జనుల విషయమున నిరాశ చూపి తప్పెను. జనసంఖ్య భాష విషయమున ఆశ చూపి తప్పెను.

కావున భాషాపరిశోధకుడు గుణకమును చూచి తృప్తి పడరాదు. శేషములు ఒకే దిక్కునకు ఒరుగుచున్నవా, అమర్పులో చేరని సంవత్సరములను రేఖ చెప్పగలదా, అసలు లెక్కింపబడినదేమి అని అడుగవలెను. డైరీ ఫార్మ్‌లో “మాతృభాష: తెలుగు” అని వ్రాయబడిన ఇంట మనుమడు అమ్మమ్మకు ఏ భాషలో బదులిచ్చునో ఆ గడిలో ఉండదు. పొందిక యెంత హెచ్చైనను అది మనము వేసిన ప్రశ్నకే సమాధానము. వేయని ప్రశ్నకు కాదు.